పొదుపు చేస్తే ఎదగలేమా? రోజూ వినే కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇళ్ల జమాఖర్చులు చూసి సలహా చెప్పడం నా వృత్తి. మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామంది ఏదో ఒక రూపంలో ఇదే అడుగుతారు: "ఇలా ప్రతిదీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇంక పైకొచ్చేదెప్పుడండీ?" ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పైకి రావడానికి పనికొచ్చే మెట్టునే అడ్డుగోడ అనుకుంటున్నారు.

అపోహ: పొదుపన్నా పిసినారితనమన్నా ఒకటే.

వాస్తవం: బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల జరిగేది వేరు. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకులు 2008లో ఈ తేడాను వివరించారు. పిసినారికి డబ్బు చెయ్యి దాటుతుంటే ప్రాణం విలవిల్లాడుతుంది, పొదుపరికి దాచుకోవడంలో ఆనందం ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బ్యాంకు స్టేట్‌మెంటును ముక్కుకు ఆనించుకుని చదివారు. కళ్లద్దాల నంబరు మారి రెండేళ్లయిందట. ఖాతాలో చూస్తే ఏడాది ఇంటిఖర్చుకు సరిపడా డబ్బుంది. ముందు అద్దాలు మార్చుకుని రమ్మన్నాను, మిగతా లెక్కలు ఆ తర్వాతే చూశాం.

అపోహ: ఉన్నదాంతో సర్దుకునేవాళ్లకు ఆశయాలుండవు.

వాస్తవం: నేను ఎక్కువగా కొట్లాడేది దీనితోనే. ఒక చిన్న లెక్క చూడండి. ఆదాయంలో 10 శాతం మిగిల్చేవాళ్లు ఒక్క నెల పనిలేకుండా గడపాలంటే 9 నెలలు పనిచేయాలి. 25 శాతం మిగిలిస్తే 3 నెలలు చాలు. సగం మిగల్చగలిగితే పనిచేసిన ప్రతి నెలకూ ఒక నెల చేతిలో ఉంటుంది. మిగిల్చిన కొద్దీ దాచేది పెరుగుతుంది, బతకడానికి కావలసిందీ తగ్గుతుంది. అందుకే తేడా అంత పెద్దది. కొత్త చదువు చదవాలన్నా, సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలన్నా, మనసుకు నచ్చని పనికి "వద్దు" అనాలన్నా కావలసింది ఆ నెలలే. కటకాలు సానబట్టే పని చేస్తూ చాలా తక్కువలో బతికిన తత్వవేత్త స్పినోజాకు 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇస్తామన్నారు. అక్కడ తన ఆలోచనకు ఎంత స్వేచ్ఛ ఉంటుందో తెలియదని ఆయన ఒప్పుకోలేదు. నెత్తిమీద వాయిదాలున్న మనిషికి అలా వద్దనడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. ప్రతిభ ఉండి, ధైర్యం ఉండి, ఈఎంఐల దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో.

అపోహ: జీతం పెరిగితే పొదుపు దానంతటదే వస్తుంది.

వాస్తవం: ముందే నిర్ణయించుకోకపోతే రాదు. ఫ్రెంచి రచయిత దిదెరో 1769లో ఇంట్లో వేసుకునే తన కొత్త డ్రెస్సింగ్ గౌను గురించి రాసుకున్నాడు. అది ఒంటిమీదికి రాగానే గదిలో పాత కుర్చీ వెలవెలబోయింది, తర్వాత బల్ల, తర్వాత గోడమీది బొమ్మలు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. జీతం పెరిగిన ఏడాది స్టేట్‌మెంట్లలో నాకు ఇదే వరస కనిపిస్తుంది: పెద్ద ఇల్లు, ఆ ఇంటికి తగ్గ సామాను, ఆ వీధికి తగ్గ బండి. పెరిగిన జీతం మొదటిసారి చేతికి రాకముందే అందులో కొంత భాగం వేరే ఖాతాకు మళ్లించండి. రెండో నెలకల్లా కొత్త ఖర్చులు అలవాటైపోతాయి.

అపోహ: చిల్లర ఖర్చులు మానేస్తే చాలు.

వాస్తవం: అద్దె, అప్పు, వాహనం. ముందు ఈ మూడూ చూడండి. ఇవి సరిగా ఉంటే చిన్న సరదాల మీద కత్తెర వేయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఇక ఆదాయం కనీస అవసరాలకే చాలని ఇంట్లో పొదుపు పాఠం చెప్పడం అన్యాయం. అక్కడ ఆలోచించాల్సింది ఆదాయం గురించే.

అపోహ: పొదుపు చేయాలంటే కోరికలు చంపుకోవాలి.

వాస్తవం: ఎవరినీ నేను అలా అడగను, చంపుకున్న కోరిక ఏదో ఒక రోజు రెట్టింపు ఖర్చుతో తిరిగొస్తుంది. మన కోరికల్లో కొన్ని మనవి, కొన్ని పక్కవాళ్లను చూసి తెచ్చుకున్నవి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. కొనాలనుకున్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన దాన్ని మొదట ఎక్కడ చూశారో రాయమంటాను. తర్వాత 30 రోజులు ఆగమంటాను. ఒకావిడ పదకొండు రాసుకొచ్చారు. నెల తర్వాత అదే కాగితం తెచ్చారు, మడతల దగ్గర చిరుగుతోంది. తొమ్మిది కొట్టేశారు. మిగిలినవి ఒక వయొలిన్, దాన్ని నేర్చుకోవడానికి వారానికి రెండు క్లాసులు. వయొలిన్ పక్కన "చిన్నప్పుడు" అని ఒక్క మాటే ఉంది. ఆ రోజే దానికోసం విడిగా ఒక ఖాతా తెరిచాం.