జ్వరం రాని న్యుమోనియా

"నాన్నగారికి జ్వరం లేదు, దగ్గు లేదు. రెండు రోజులు తిండి మానేశారు, పొంతన లేకుండా మాట్లాడారు, బాత్రూమ్‌లో పడిపోయారు. ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. అదెలా?" అని ఎనభై ఏళ్ల తండ్రి గురించి ఒక పాఠకురాలు అడిగారు.

న్యుమోనియా అంటే ఊపిరితిత్తులకు పట్టే ఇన్ఫెక్షన్. పాతికేళ్ల వాళ్లకైతే వణికించే చలి, 103 జ్వరం, దగ్గితే కళ్లె, ఊపిరి పీలిస్తే పక్కలో పోటు. ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు.

జ్వరం క్రిమి పెట్టే మంట కాదు, ఒళ్లు తనకు తాను పుట్టించుకునే వేడి. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. బ్యాక్టీరియా తగలగానే తెల్లరక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతాయి. వాటివల్ల మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే మరో రసాయనం తయారవుతుంది. ఏసీ రిమోట్ మీద అంకె మార్చినట్టు, అది ఒంటి వేడి లక్ష్యాన్ని 98.6 నుంచి, ఉదాహరణకు, 102కి జరుపుతుంది. ఒళ్లు ఇంకా 98.6 దగ్గరే ఉంది కాబట్టి మెదడు లెక్కలో అది చల్లబడినట్టే. దుప్పటి కప్పుకున్నా వణుకు వచ్చేది అందుకే. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని దాన్ని బయటికి పోనివ్వవు. పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తే అంకె కిందికి దిగుతుంది, చెమట పడుతుంది.

వయసు మీదపడ్డాక ఈ గొలుసులో చాలా లంకెలు సడలుతాయి. కణాలు పంపే కబురు బలహీనమవుతుంది. కండ తరిగి వణుకు చాలదు. నాళాలు గట్టిగా ముడుచుకోవు. పైగా చాలామంది పెద్దవాళ్లకు మామూలు వేడే 97 చుట్టూ ఉంటుంది. అలాంటివారికి 99 అంటే రెండు డిగ్రీలు పెరిగినట్టు, అంటే జ్వరమే! థర్మామీటర్ 100 దాటేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

దగ్గు కూడా అంతే, గొంతులో స్పర్శ మందగించి సరిగ్గా రాదు. ఆక్సిజన్ తగ్గడం, ఇన్ఫెక్షన్ కలిసి మెదడును తికమక పెడతాయి. దీన్ని డెలీరియం అంటారు. "చాదస్తం" అని కొట్టిపారేయడం చూస్తే నాకు బాధేస్తుంది. చాదస్తం ఒక్క రాత్రిలో రాదు.

నేను ఎక్కువ నమ్మేది ఊపిరి లెక్కను. కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 25 దాటితే డాక్టర్‌కు చూపించాలి. మిగతా లక్షణాలకంటే ముందే ఇది బయటపడవచ్చు. పూర్తిగా ఒక నిమిషం, వాళ్లకు చెప్పకుండా లెక్కపెట్టండి. చెబితే వాళ్లకు తెలియకుండానే ఊపిరి లయ మారిపోతుంది.