రాత్రి తొమ్మిదికి మీ శ్లాబు ఏం చేస్తుంటుంది?

"బయట చల్లగాలి వీస్తోంది, లోపల ఫ్యాన్ వేస్తే మాత్రం వేడిగాలి. ఎందుకు సార్? డాబాకి తెల్లరంగు వేస్తే నిజంగా తగ్గుతుందా?" పై అంతస్తులో అద్దెకుంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది.

ఫ్యాన్‌ది ఏ పాపమూ లేదు. పైనున్న గాలిని కిందికి తోస్తుందంతే. ఆ గాలిని కాచేది శ్లాబు.

లెక్క వేద్దాం. పదడుగులకు పదడుగుల గది, పైన 5 అంగుళాల కాంక్రీటు. బరువు దాదాపు 2,800 కిలోలు. కిలో కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 0.88 కిలోజౌళ్లు కావాలి. ఎండకి శ్లాబు మొత్తం 10 డిగ్రీలు పెరిగిందనుకుంటే, అందులో చేరిన వేడి 25,000 కిలోజౌళ్లకు కాస్త అటూ ఇటూ. కరెంటు బిల్లు భాషలో 7 యూనిట్లు! కొంత ఆకాశంలోకి పోతుంది, మిగతాది మన నెత్తిన. పైగా వేడి కాంక్రీటులో మెల్లగా నడుస్తుంది. ఆ 5 అంగుళాలు దాటడానికి మూడు నాలుగు గంటలు. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ సాయంత్రం ఐదుకి గదిలోకి దిగి, అర్ధరాత్రి దాకా కూర్చుంటుంది.

పూర్వం సాయంత్రం కాగానే డాబా మీద నీళ్లు చల్లేవారు. అదెంత పనో చూడండి: లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. పది లీటర్ల బకెట్టుకి 24,000. అంటే మన శ్లాబు దాచుకున్న వేడంతా ఒక్క బకెట్టు పని! కాగితం మీద మాత్రమే లెండి. సగం నీళ్లు తూములోంచి పోతాయి, ఆవిరయ్యే నీరు గాలి నుంచీ వేడి లాక్కుంటుంది. మే నెలలో ట్యాంకర్ కొనుక్కునే వీధిలో ఆ బకెట్టు మాత్రం ఎక్కడిది?

కాబట్టి వేడిని లోపలికి రానివ్వకపోవడమే మేలు. నడి మధ్యాహ్నం చదరపు మీటరుకి దాదాపు 1,000 వాట్ల ఎండ పడుతుంది. మామూలు కాంక్రీటు అందులో 700 వరకూ మింగేస్తుంది. కొత్తగా వేసిన తెల్లసున్నం మింగేది 200, 250. నల్లటివి వేడిని పీల్చుకుంటాయని బడిలో మనందరం బట్టీ పట్టాం, థర్మామీటరు పట్టుకుని డాబా ఎక్కమన్న మాస్టారే లేరు.

మెరిసే రేకు ఇంకా బాగా తిప్పికొట్టాలి కదా? తిప్పికొడుతుంది, కానీ ఎక్కిన వేడిని వదలడం దానికి చేతకాదు. సున్నం, సిమెంటు అలా కాదు, ఎక్కిన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా గుమ్మరిస్తాయి. 8 నుంచి 13 మైక్రాన్ల (మీటరులో పది లక్షల వంతు ఒక మైక్రాన్) తరంగదైర్ఘ్యాల మధ్య ఆకాశానికి ఒక కిటికీ ఉంది, ఆ కొలతలోని కిరణాలు దాని గుండా అంతరిక్షంలోకే వెళ్లిపోతాయి. గాలిలో తేమ ఎక్కువైతే కిటికీ సగం మూసుకుంటుంది. అందుకే కాకినాడలో రాత్రి దొరికే చలవ మహబూబ్‌నగర్ కంటే తక్కువ.

ఇరుకు సందుల్లో గోడకి ఆకాశం బదులు ఎదురింటి గోడ కనిపిస్తుంది. ఒకరి వేడి ఒకరికి. దానికి తోడు ఏసీ. ఒకటిన్నర టన్నుది గదిలోంచి లాగే వేడి 5 కిలోవాట్ల పైనే, తన కరెంటు కూడా కలిపి వీధిలోకి వదిలేది 6 పైన. పక్కింటివాళ్లూ ఏసీ కొనక ఏం చేస్తారు! తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే కప్పు) విధానం తెచ్చి, 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది ఒక్కో ఇంటి కోసమే కాదు, ఇందుకు కూడా.

వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలట. సాయంత్రపు ఎండంతా పడే మూల అది! మందపాటి మట్టిగోడల రోజుల్లో చెల్లిందేమో. ఇప్పటి నాలుగున్నర అంగుళాల గోడతో ఆ గదిలో పడుకునే యజమానిని చూస్తే నాకు జాలి.

ఇక మన పాఠకుడికి: ఓనరు ఒప్పుకుంటే ముందు సగం డాబాకి సున్నం వెయ్యండి, దుమ్ము పట్టినప్పుడల్లా కడగండి. రాత్రి తొమ్మిదికి స్టూలెక్కి రెండు గదుల పైకప్పులకూ అరచెయ్యి ఆనించి చూడండి. ఫ్యాన్ ఆపి మరీ ఎక్కండి.