ఓడా? అపార్ట్‌మెంటా?

విశాఖపట్నం

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నానమ్మ మాగాయ సీసా కొరియర్‌లో వేసింది, అందగానే ఫోన్ చేసి చెప్పండి.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మీరిద్దరూ ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ అనే విహార ఓడ ఫోటో పెట్టుకుని కొట్టుకున్నారు. “ఇది ఓడేంటి తాతయ్యా, మియాపూర్ అపార్ట్‌మెంటు తెచ్చి నీళ్లలో నిలబెట్టినట్టుంది” అని అమ్మడు అంది. “పైన ఆరు వాటర్ స్లైడ్లున్నాయి, ఇంకేం కావాలి” అని బాబు అన్నాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇంతలో హోంవర్క్ సంగతి గుర్తొచ్చి మీ అమ్మ ఫోన్ తీసేసుకుంది. మీ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రాయింగ్ ఆఫీసులో ఓడల గీతలు గీసినవాణ్ణి, ఒక్క ముక్కలో తేల్చేయడానికి మనసొప్పలేదు. అందుకే కాగితం తీశాను.

నా మనసులో మాట ముందే చెబుతాను. ఆ ఓడ నాకూ అందంగా కనిపించలేదు. అయినా అపార్ట్‌మెంటులా ఉంది కాబట్టి బాగాలేదు అంటే ఒప్పుకోను. ఎందుకలా ఉందో తెలుసుకుని, అప్పుడు బాగాలేదనండి. ఆ మాటకు విలువుంటుంది.

ఒక లెక్క చూడండి. 1912లో మునిగిపోయిన టైటానిక్ పొడవు 269 మీటర్లు. 2024లో మయామీ నుంచి మొదటిసారి బయల్దేరిన ఈ ఐకాన్ పొడవు 365. ఒకటిన్నర రెట్లు కూడా లేదు. ఇప్పుడు టన్నేజీ చూడండి. టైటానిక్‌ది 46,328, ఐకాన్‌ది 2,48,663. ఐదు రెట్లకు పైమాటే. టన్నులనగానే బరువనుకుంటారు గానీ, ఇది ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. కొలిచే పద్ధతి మధ్యలో కొంత మారినా, పోల్చుకోవడానికి ఇది చాలు. పొడవు అంతగా పెరగకుండా లోపలి చోటు ఐదు రెట్లయిందంటే ఆ చోటంతా ఎటు పోయింది? పక్కలకీ, పైకీ. మొత్తం ఇరవై డెక్కులు, అంటే అంతస్తులు. పోనీ కిందికి దించుదామంటే ఈ ఓడలు వెళ్లే చిన్న చిన్న రేవుల్లో అంత లోతుండదు. అందుకే ఇంత పెద్ద ఓడా నీళ్లలో మునిగి ఉండేది తొమ్మిది మీటర్ల చిల్లరే. ఊళ్లో స్థలం దొరకనప్పుడు ఇల్లు పైకి లేస్తుంది చూడండి, ఇదీ అలాగే లేచింది. అమ్మడు అపార్ట్‌మెంటు అన్నప్పుడు తనకు తెలియకుండానే అసలు కారణం పట్టుకుంది.

ఆ గళ్లు గళ్లుగా కనిపించేవన్నీ బాల్కనీలు. 1984లో ‘రాయల్ ప్రిన్సెస్’ అనే ఓడ వచ్చింది. అందులో ప్రయాణికుల గదులన్నీ సముద్రం వైపే పెట్టారు, చాలావాటికి బాల్కనీలు కూడా ఇచ్చారు. పొద్దున్నే లేచి, తలుపు తీసి, కాఫీ కప్పుతో సముద్రం ముందు నిలబడటం ఎవరికి ఇష్టముండదు? ఆ తర్వాత జనం బాల్కనీయే కావాలన్నారు, కంపెనీలు బాల్కనీలే పెంచుకుంటూ పోయాయి. పైగా ఇప్పుడు ఈ గదుల్ని ఓడలో కట్టడం లేదు. బాత్రూముతో సహా ఫ్యాక్టరీలో తయారుచేసి, బీరువాలోకి సొరుగు తోసినట్టు తోస్తారు. సొరుగు సరిగా కూర్చోవాలంటే బీరువా అర తిన్నగా ఉండాలి కదా. అందుకని డెక్కులు కూడా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అయిపోయాయి.

నాకు బాధ కలిగేది ఇక్కడే. పాత ఓడ డెక్కు తిన్నగా ఉండేది కాదు. ముందుభాగం, మన పడవవాళ్లు అణియం అంటారే, అది పైకి లేచేది. నడుమ కొంచెం దిగేది. వెనక అమరం దగ్గర మళ్లీ కాస్త లేచేది. ఈ వంపును షీర్ అంటారు. ఎదురుగా వచ్చిన అల డెక్కు మీదికి ఎక్కకుండా ఉండటానికి పుట్టిన వంపు అది. కోరంగి, తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే మేస్త్రుల దగ్గర చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో.

కంప్యూటర్లు రాకముందు ఆ వంపును మేము చేత్తో గీసేవాళ్లం. సన్నటి పొడుగాటి చెక్క బద్ద ఒకటి ఉండేది. దాన్ని కాగితం మీద వంచి, కదలకుండా సీసపు దిమ్మలు పెట్టేవాళ్లం. బాతులా ముక్కు ఉండేది కాబట్టి వాటిని డక్స్ అనేవాళ్లు. బద్దను దాని ఇష్టానికి వంగనిస్తే గీత నీళ్లలా పోతుంది, బలవంతపెడితే ఎక్కడో ఒకచోట బుడిపె లేస్తుంది. నేను చేరిన కొత్తలో ఒక రోజంతా కూర్చుని ఒక గీత గీశాను. మా సీనియర్ వచ్చి చూసి ఏమీ అనలేదు. నా తల మీద చెయ్యి వేసి, గడ్డం బల్లకు ఆనేదాకా మెల్లగా వంచారు. కన్ను కాగితం మట్టానికి దిగేసరికి గీత మొత్తం దగ్గరికి వచ్చేసింది, మధ్యలో వెంట్రుకంత బుడిపె నాకే కనిపించింది. పైనుంచి రోజంతా చూసినా కనిపించనిది! ఆ రోజు నుంచి ఏ ఓడను చూసినా నా కన్ను ముందు ఆ వంపునే వెతుకుతుంది. ఐకాన్‌లో ఎంత వెతికినా అది దొరకలేదు.

ఇంకో తేడా కూడా తెలియాలి మీకు. టైటానిక్ లాంటివాటిని లైనర్లు అంటారు. అవి మన ఆర్టీసీ బస్సుల్లాంటివి. వాన వచ్చినా తుఫాను వచ్చినా ఆ తేదీకి అక్కడికి చేరాలి, అదీ చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ మీదుగా. క్రూజ్ షిప్ విహారానికి పోయేది. తుఫాను ఉందంటే పక్కకు తప్పుకుంటుంది, వేరే రేవుకు పోతుంది. లైనర్ ముఖాన్ని గీసింది అల. క్రూజ్ షిప్ ముఖాన్ని గీసింది లోపలున్న గది. రెండింటినీ పక్కపక్కన పెట్టి దీనికి ఆ సొగసు లేదే అనడం కొంత అన్యాయమే.

లైనర్ల కాలం అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను, మీకు బాగా నచ్చుతుంది. 1972లో ‘క్వీన్ ఎలిజబెత్’ అనే మహా ఓడ హాంకాంగ్ రేవులో కాలిపోయింది. ఇలాంటి ఓడను ఇంకెవరూ కట్టరని బీబీసీ పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్‌లో చెప్పారు. అది చూసిన స్టీఫెన్ పేన్ అనే బడిపిల్లవాడు, మీరన్నది తప్పు అని వాళ్లకు ఉత్తరం రాశాడు. వాళ్లు మెచ్చుకుని బ్యాడ్జి పంపారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక ఓడల ఇంజినీరై ‘క్వీన్ మేరీ 2’ను డిజైన్ చేశాడు. 345 మీటర్ల ఆ ఓడ 2004 జనవరిలో మొదటి ప్రయాణానికి బయల్దేరింది.

ఆ ఓడ ఫోటో తీసి ఐకాన్ పక్కన పెట్టండి. దానికీ బాల్కనీలున్నాయి. కానీ కింది వరసల బాల్కనీలు అంటించినట్టు ఉండవు, ఇనుప గోడలో తొలిచిన గూళ్లలా ఉంటాయి. అల వచ్చి కొడితే తట్టుకోవాలి కదా. లైఫ్‌బోట్లు నీటి మట్టానికి 15 మీటర్ల కన్నా ఎత్తులో ఉండకూడదని అంతర్జాతీయ నియమం. అట్లాంటిక్ అలలకు ఆ ఎత్తు చాలదని పేన్ వాదించి, వాటిని 25 మీటర్ల దాకా ఎత్తడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నాడు. పొగగొట్టం అంత పొట్టిగా ఎందుకుందంటారా, న్యూయార్క్ రేవు ముఖద్వారంలో వెరజానో వంతెన కింద నుంచి దూరాలి మరి. ఇలా ఆ ఓడ మీద మీరు ఎక్కడ వేలు పెట్టినా సముద్రమో, రేవో, వంతెనో జవాబు చెబుతుంది. నేను అందం అనేది దాన్నే.

వంతెన అనగానే ఇంకొకటి. 2009లో ‘ఒయాసిస్ ఆఫ్ ద సీస్’ ఫిన్లాండ్‌లో తయారై బయటికొస్తూ డెన్మార్క్ వంతెన కింద దూరాల్సి వచ్చింది. పొగగొట్టాల్ని టెలిస్కోపులా లోపలికి దించారు. అదీ చాలక వేగం పెంచారు. లోతు తక్కువున్న చోట వేగంగా పోతే ఓడ కాస్త కిందికి కూర్చుంటుంది. వంతెనకూ ఓడకూ మధ్య మిగిలింది రెండడుగులు కూడా లేదు! అప్పుడు ఆ ఓడలో ఉన్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

పొగగొట్టాల విషయంలో పెద్ద పెద్ద కంపెనీలు కూడా అబద్ధాలాడాయి. టైటానిక్ నాలుగో గొట్టంలో బాయిలర్ల పొగ రాదు, అది గాలి కోసం, చూపు కోసం. 1931లో లండన్ నుంచి మన బొంబాయి మీదుగా ఆస్ట్రేలియాకు తిరగడం మొదలుపెట్టిన ‘స్ట్రాత్‌నేవర్’కు మూడు గొట్టాలుంటే పనిచేసేది నడిమిదొక్కటే. ఎన్ని గొట్టాలుంటే అంత గొప్ప ఓడ అని జనం అనుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఉత్తుత్తి గొట్టాలు రెండూ పీకేశారు. డిస్నీ కంపెనీ 1998లో తెచ్చిన ‘డిస్నీ మ్యాజిక్’కు కూడా ముందు గొట్టం ఉత్తుత్తిదే. మీకది ముద్దుగా ఉంటుందేమో, నాకు మాత్రం నచ్చదు. కార్నివాల్ కంపెనీ ఓడల మీద విమానం తోకలా రెండు రెక్కలున్న గొట్టం చూశారా? 1982లో ‘ట్రోపికేల్’ ఓడకు జో ఫార్కస్ అనే ఆయన గీసిందది. రెక్కల చివర్ల నుంచి పొగ చెరో పక్కకు పోతుంది, డెక్కు మీద కూర్చున్నవాళ్ల మీద మసి పడదు. చూడ్డానికి వింతగా ఉన్నా పని చేస్తుంది. దానికి నా ఓటు.

రెక్కల గొట్టాలు అంతకు ముందే ‘ఫ్రాన్స్’ అనే లైనర్‌కు ఉండేవి. నేను ఫోటోల్లో చూసిన ఓడలన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1962లో తొలి ప్రయాణం, 316 మీటర్లు. క్వీన్ మేరీ 2 వచ్చేదాకా అంత పొడవైన ప్రయాణికుల ఓడ మరొకటి లేదు. నల్లటి ఒళ్లు, ఎర్రటి గొట్టాలు, సూదిలాంటి అణియం. విమానాలొచ్చాక లైనర్లు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. 1979లో దాన్ని అమ్మేశారు. ‘నార్వే’ అని పేరు మార్చి, కరీబియన్ విహారాలకు తిప్పారు. 1990లో నెత్తిన మరో రెండు డెక్కులు కట్టారు. అవి కట్టకముందు, కట్టాక తీసిన ఫోటోలు మీరే చూడండి, నేనేమీ చెప్పను. చివరికి 2006లో ‘బ్లూ లేడీ’ అనే పేరుతో మన గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. అక్కడ పోటు వేళ ఓడను ఇసుక మీదికి ఎక్కించి, కూలీలు గ్యాస్ మంటతో ముక్కలు ముక్కలుగా కోస్తారు. 2008 కల్లా అంతా అయిపోయింది. ముక్కు కొస ఒక్కటి మాత్రం దాచి ఫ్రాన్స్‌కు పంపారు. ఇప్పుడది లె హావ్ర్ రేవు ఒడ్డున నిలబడి ఉంది. అంత ఓడలో ఏ ముక్క దాచుకోవాలా అని చూసి, ఆ వంపునే దాచుకున్నారు.

రంగుల గురించి ఎక్కువ రాయను. తెలుపు వేడిని తిప్పికొడుతుంది, అందుకే ఎండ దేశాలకు తిరిగే ఓడలు తెల్లగా ఉంటాయి. జర్మనీ వాళ్ల ఐడా ఓడలకు 1996 నుంచి ముందు భాగాన ఎర్రటి పెదవులు, కళ్లు గీస్తున్నారు. చాలామంది ఓడ ప్రేమికులకు అది చూస్తే ఒళ్లు మండుతుంది. నాకు కోపం రాలేదు. మన జాలర్లు కొత్త పడవ అణియానికి పసుపు కుంకుమ పెడతారు, వాళ్లు పెదవులు పెట్టుకున్నారు.

2022 జూన్‌లో ‘కార్డీలియా ఎంప్రెస్’ మన ఊరు వచ్చినప్పుడు నేనూ మీ నానమ్మా రాస్ హిల్ ఎక్కి చూశాం. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో పుట్టిన ఓడ అది. ‘ఫ్రాన్స్’, ‘క్వీన్ మేరీ 2’ పుట్టిందీ ఆ ఊళ్లోనే. పొడవు 211 మీటర్లే, టన్నేజీ మాత్రం టైటానిక్ కన్నా కొంచెం ఎక్కువ. బాల్కనీలు తక్కువ, పక్కల వెంట కిటికీల వరసలు. అపార్ట్‌మెంటు కావడానికి ముందు కాలపు ఓడ. డాల్ఫిన్స్ నోస్ పక్కన చూస్తే తెల్లటి బొమ్మలా ఉంది. “బాగుందండీ” అంది మీ నానమ్మ. ఆవిడకు నేను ఏ లెక్కా చెప్పలేదు, చూసి అన్న మాటే.

బాబూ, నీ వాటర్ స్లైడ్ల మాట మరిచిపోలేదు. దాన్లో ప్రయాణించేవాళ్లకు ఓడ బయటి నుంచి కనిపించదు, వాళ్లకు కావలసింది లోపల ఉంది. ఆ లెక్కన నువ్వన్నదీ నిజమే. అమ్మడూ, ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు బయటి రూపమే ఓడ. ఆ లెక్కన నాది నీ పక్షం.

ఈ ఉత్తరంతో పాటు నా పాత చెక్క బద్ద పంపుతున్నాను. చార్ట్ పేపర్ మీద పెట్టి, డక్స్ లేవు కాబట్టి పేపర్‌వెయిట్లు ఆనించి, మీకు నచ్చిన ఓడ గీయండి. ఇరవై డెక్కులు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. గీశాక గడ్డం బల్లకు ఆనించి చూడండి. బొమ్మలు ఫోన్‌లో కాకుండా పోస్టులో పంపండి, నేనూ అలాగే చూడాలి కదా. బద్దకు చెమ్మ మాత్రం తగలనివ్వకండి, వంకర పోతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య