ఎస్‌డీకే కూలితే తప్పెవరిది? తగువు మొదలైంది 2020 మే 6న

యాప్ తెరవగానే మూతపడితే జనం తిట్టుకునేది యాప్‌నే, ఒక్క స్టార్ రేటింగ్ పడేదీ దానికే. లోపల కూలింది బయటివాళ్ల ఎస్‌డీకే (వేరే కంపెనీ రాసిస్తే యాప్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్) అని వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ నింద ఎవరు మోయాలన్నదే తగువు. దాని మూలం 2020 మే 6న ఉంది.

ఆ రోజు ఐఫోన్లలో స్పాటిఫై, టిక్‌టాక్, పింటరెస్ట్, టిండర్ లాంటి యాప్‌లు తెరిచీ తెరవకముందే మూసుకుపోయాయి. వాటి కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అన్నిటిలోనూ ఉన్నది ఫేస్‌బుక్ ఎస్‌డీకే. యాప్ మొదలవుతూనే అది ఫేస్‌బుక్ సర్వర్ నుంచి సెట్టింగులు తెచ్చుకుంటుంది. డిక్షనరీ (పేర్లు, వాటి విలువల జాబితా) రావాల్సిన చోట ఆ రోజు బూలియన్ (అవును లేదా కాదు అనే ఒక్క విలువ) వచ్చింది. వచ్చింది ఏ రకం డేటానో సరిచూడకుండా ఎస్‌డీకే అందులో కీ (జాబితాలోని పేరు) కోసం వెతికింది. బూలియన్‌లో అలా వెతికే మెథడే లేదు కాబట్టి ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే లోపం) లేచింది, దాన్ని పట్టుకునే కోడ్ లేక ప్రాసెస్, అంటే నడుస్తున్న యాప్, మొత్తం పోయింది. ఫేస్‌బుక్ లాగిన్ జోలికే పోనివాళ్లకూ ఇదే గతి.

జులై 10న మళ్లీ అలాగే జరిగింది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే మాత్రం యాప్‌లు తెరుచుకున్నాయి. నెట్ లేకపోతే సెట్టింగులు రావు, సెట్టింగులు రాకపోతే క్రాష్ లేదు. కోడ్‌లో చేసిన మార్పు వల్ల ఇలా అయిందని, వెంటనే గుర్తించి సరిచేశామని ఫేస్‌బుక్ చెప్పింది.

యాప్ డెవలపర్లకు ఆ జవాబు చాలదు, చాలకపోవడం న్యాయమే. ఎస్‌డీకే వెర్షన్‌ను లాక్ చేసుకున్నా ఇక్కడ ఉపయోగం లేదు, మారింది యాప్‌లో ఉన్న కోడ్ కాదు, సర్వర్ పంపిన డేటా. యాప్ కొత్త బిల్డ్ (వెర్షన్) పంపుదామంటే స్టోర్ రివ్యూ దాటాలి. సొంత సర్వర్ నుంచి ఆ ఎస్‌డీకేని ఆపేసే స్విచ్ ముందే పెట్టుకున్నా, అది చదివేలోపే యాప్ కూలిపోవచ్చు.

అందుకే తెలిసినవాళ్లు ఆటో ఇనిషియలైజేషన్ (ఎస్‌డీకే తనంతట తాను మొదలవడం) ఆపేసి, మొదటి స్క్రీన్ వచ్చాక, తమ స్విచ్ చదివాక మాత్రమే ఎస్‌డీకేని లేపుతారు. ఆండ్రాయిడ్‌లో ఇలా తనంతట మొదలవడం మరీ సులువుగా కన్ను గప్పుతుంది. ఎస్‌డీకే తెచ్చే కంటెంట్ ప్రొవైడర్ (యాప్‌తోపాటే సిస్టమ్ మొదలుపెట్టే భాగం), యాప్ అప్లికేషన్ క్లాస్‌లోని ఆన్‌క్రియేట్ (డెవలపర్ రాసిన మొదటి కోడ్ ఉండే చోటు) కంటే ముందే నడుస్తుంది. మీరు రాసిన మ్యానిఫెస్ట్‌లో (యాప్ భాగాలు, పర్మిషన్లు చెప్పే ఫైల్‌లో) అది కనబడదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకేలవీ కలిపి చూపే మెర్జ్‌డ్ మ్యానిఫెస్ట్ ట్యాబ్ తెరిస్తే ఆ ప్రొవైడర్, దానితోపాటు మీరు అడగని పర్మిషన్లు బయటపడతాయి.

యాపిల్ తర్వాత తెచ్చిన నిబంధనలూ బరువును యాప్ మీదే మోపాయి. 2024 మే 1 నుంచి యూజర్ డిఫాల్ట్స్ (యాప్ దాచుకునే సెట్టింగులు), డిస్క్‌లో ఖాళీ, ఫైల్ టైమ్‌స్టాంప్ లాంటివి ఫోన్‌ను అడిగే ఏపీఐలను ఎందుకు వాడుతున్నారో ప్రైవసీ మ్యానిఫెస్ట్ అనే ఫైల్‌లో చెప్పని యాప్‌ను స్టోర్ తీసుకోదు. ఆ ఏపీఐని పిలిచింది ఎస్‌డీకే అయినా, తిరస్కరణ మెయిల్ వచ్చేది యాప్ డెవలపర్‌కే.

ఎస్‌డీకేని యాప్ నుంచి విడదీసి వేరే ప్రాసెస్‌లో నడిపే ప్రయత్నం ఒకటి జరిగింది. ప్రకటనల ఎస్‌డీకేల కోసం గూగుల్ 2022లో ప్రకటించిన ఎస్‌డీకే రన్‌టైమ్ అది. 2025 అక్టోబర్‌లో గూగుల్ దాన్ని పక్కన పెట్టేసింది. యాప్ ప్రాసెస్‌లోనే, యాప్‌కున్న పర్మిషన్లతోనే ఎస్‌డీకేలు ఇప్పటికీ నడుస్తున్నాయి.