పక్షిగూడు శిలీంధ్రాలు: ఖాళీ గిన్నెతో పేరు తేలదు

పక్షిగూడు శిలీంధ్రాలు చూడటానికి గుడ్లున్న గూడులాంటి చిన్న గిన్నెలు. కుళ్లుతున్న కొమ్మలు, చెక్క పేళ్లు, పాత పేడ... ఇవే వీటి చోట్లు. ఎత్తు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు మించడం అరుదు. రంగు కూడా కొమ్మలో కలిసిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనబడవు.

గిన్నె అడుగున ఉండే చదునైన బిళ్లల్ని గుడ్లు అంటారు. సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రం వ్యాపించే సూక్ష్మ కణాలు, వాటి లోపలే ఉంటాయి. వాన చినుకు గిన్నెలో పడగానే నీటితోపాటు గుడ్డు బయటికి ఎగిరిపోతుంది, ఒక్కోసారి మీటరు దూరం దాకా. సయాథస్ ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) గుడ్డుకింద చిన్న సంచి, అందులో చుట్టిపెట్టిన సన్నటి దారం ఉంటాయి. చినుకు దెబ్బకు సంచి చిరుగుతుంది, దారం జిగురు కొస ఏ పుల్లకో అంటుకుంటుంది, గుడ్డు దాని చుట్టూ తిరిగి బిగుసుకుంటుంది. అందుకే గట్టి వాన తర్వాత వెళితే చాలావరకు ఖాళీ గిన్నెలే దొరుకుతాయి. అవి నెలల తరబడి రాలకుండా ఉంటాయి కాబట్టి, వాటిని చూసి ఇది ఏ కాలంలో పుట్టిందో చెప్పలేం.

సేకరణలో గిన్నె మూతిని కప్పే మూత పొర ఉన్న లేతవి, గుడ్లున్నవి, ఖాళీవి మూడూ ఉండాలి. ఎనిమిది పది గిన్నెలు చాలు, మిగతావి అక్కడే వదిలేయండి. గిన్నెను పీకితే మొదలు కొమ్మలోనే ఉండిపోతుంది. కింది చెక్కతో సహా కోయాలి. కోసేముందు మిల్లీమీటరు స్కేలు పెట్టి పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయండి. తేదీ, జీపీఎస్ అంకెలు, ఆధారం చెక్కా పేడా, తెలిస్తే ఏ చెట్టు, బయటి నూగు, లోపలి గోడ గీతలు అక్కడికక్కడే రాసుకోవాలి. రక్షిత అడవుల్లో ముందుగా అనుమతి తప్పనిసరి.

అసలు పరీక్ష గుడ్డుది. నీటిబొట్టులో కాసేపు నాననిచ్చి, భూతద్దం కింద సూదితో అడుగుభాగాన్ని మెల్లగా లాగండి. దారం సాగితే సయాథస్ ప్రజాతి గానీ క్రూసిబులం ప్రజాతి గానీ. గుడ్లు జిగురులో కూరుకుని, దారమే లేకపోతే నిడులా లేదా నిడులారియా ప్రజాతి. నిడులారియాకు మూత పొర ఉండదు, గోడే చిరుగుతుంది. క్రూసిబులం గుడ్లు తెల్లగా ఉంటాయి. అయితే ఎండావానలకు ఆ తెల్లపొర రాలిపోతే నల్లగా బయటపడి సయాథస్ అనిపిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. అనుమానముంటే గిన్నెను నిలువుగా కోసి చూడండి: సయాథస్ గోడ మూడు పొరలు, క్రూసిబులంది ఒకటే. ముదురు గుడ్డులో దారం తెగిపోయి ఉండొచ్చు, దాన్నిబట్టి ‘దారం లేదు’ అని రాయకూడదు. లోపలి గోడపై నిలువు గీతలు స్పష్టంగా ఉంటే సయాథస్ స్ట్రయేటస్ కావచ్చు. నునుపుగా, అంచు వెడల్పుగా విచ్చుకుని ఉంటే సయాథస్ ఓల్లా వైపు చూడాలి. సిద్ధబీజాలు కొలవకుండా జాతి పేరు రాయడం కన్నా ప్రజాతి దగ్గర ఆగడమే నయం.

ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే రాత్రికి రాత్రే బూజు పడుతుంది. కాగితపు పొట్లంలోనే తెచ్చి, గాలి ఆడేలా 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పెళుసుబారేదాకా ఆరబెట్టండి. పురుగు పట్టకుండా, మూసిన సంచిలో మైనస్ 20 డిగ్రీల వద్ద వారం ఉంచడం మంచిది. ఎండిన గుడ్లు ఇట్టే రాలి దొర్లుతాయి, ఒక నమూనావి ఇంకోదానిలో కలిస్తే విడదీయడం అసాధ్యం. అందుకే ఒక్కో నమూనాకు ఒక్కో చిన్న పెట్టె. రాలినవాటిని అదే సంఖ్య రాసిన కాగితంలో మడిచి అందులోనే పెట్టాలి. ఒకే కొమ్మ మీద రెండు రకాలు కనిపిస్తే రెండు సంఖ్యలు ఇవ్వండి. విడదీయలేకపోతే ‘మిశ్రమం’ అని చీటీ మీదే రాయండి.