రిమోట్ షట్‌డౌన్ మీ ఫైలును సేవ్ చేయదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మహదేవపుర, మారతహళ్ళి చుట్టుపక్కల ఆఫీసుల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఎవరి సిస్టం చెప్పాపెట్టకుండా ఆగిపోయినా ఆ సంగతి ఏదో ఒక దారిలో నా దాకా వస్తుంది. "అక్కా, నేనేమీ ముట్టుకోలేదు. తినేసి వచ్చేసరికి రీస్టార్ట్ అయి ఉంది. ఫైలు లేదు." ఆ వెంటనే, గొంతు తగ్గించి, "ఎవరైనా హ్యాక్ చేశారా?"

నెట్‌వర్క్ మీద ఉన్న కంప్యూటర్లను కూర్చున్న చోటు నుంచే ఆపడం, రీస్టార్ట్ చేయడం సిస్టం అడ్మిన్‌గా నా రోజువారీ పని. దీని గురించి ఆఫీసుల్లో తిరిగే మాటల్లో చాలావరకు పుకార్లే. కొన్నింటివల్ల పెద్ద నష్టం ఉండదు. ఒక్కటి మాత్రం మనుషుల కష్టాన్ని నిలువునా మింగేస్తోంది. ముందు దాని సంగతి.

అపోహ: రిమోట్‌గా రీస్టార్ట్ చేసినా విండోస్ మనల్ని అడుగుతుంది, లేదంటే ఫైలు దానంతట అదే సేవ్ అవుతుంది

అడగదు. సేవ్ చేయదు.

మీరు స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ నొక్కినప్పుడు, సేవ్ చేయని ఎక్సెల్ ఫైలు తెరిచి ఉంటే, తెర మొత్తం పరుచుకుని "ఈ యాప్ ఇంకా తెరిచి ఉంది, అయినా ఆపేయమంటారా" అన్నట్టు ఒక ప్రశ్న వస్తుంది కదా. అందరి ధైర్యం ఆ తెర మీదే. ఆఫీసులో నెట్‌వర్క్ మీద వచ్చే ఆదేశం చాలాసార్లు ఆ ప్రశ్న దాకా పోదు.

ఎందుకో చెప్తాను. విండోస్ షట్‌డౌన్ కమాండ్‌లో స్లాష్ ఎం తర్వాత కంప్యూటర్ పేరు ఇస్తే ఆదేశం ఆ మిషన్‌కి వెళ్తుంది. స్లాష్ ఎస్ అంటే ఆపమని, స్లాష్ ఆర్ అంటే రీస్టార్ట్ చేయమని, స్లాష్ టీ పక్కన ఇచ్చేది సెకన్లలో గడువు. తెరిచి ఉన్న ప్రోగ్రాములను హెచ్చరిక లేకుండా మూసేయమని చెప్పేది స్లాష్ ఎఫ్. కొత్తగా డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేరిన పిల్లలు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. "నేను స్లాష్ ఎఫ్ పెట్టలేదక్కా, బలవంతంగా మూయదులే" అంటారు. స్లాష్ టీ పక్కన సున్నా కంటే పెద్ద అంకె ఏది ఇచ్చినా స్లాష్ ఎఫ్ కూడా ఇచ్చినట్టే లెక్క. ఇది ఎక్కడో దాచిన రహస్యం కాదు, మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, కమాండ్ సహాయం తెరిచినా కనిపిస్తుంది. పాపం పావుగంట టైమిద్దామని 900 కొట్టినవాడు కూడా, ఆ 900 సెకన్లు అయ్యాక అన్నీ బలవంతంగా మూసేయమనే చెప్పాడు. సీట్లో మనిషి లేకపోతే ఆ పావుగంట ఎవరికీ పనికిరాదు. ఇక స్లాష్ టీ అసలు ఇవ్వకపోతే దొరికేది 30 సెకన్లు. మెసేజ్ చదివి, కంగారు పడి, తెరిచిన నాలుగు ఫైళ్ళను వెతికి సేవ్ చేయడానికి అది ఏ మూలకు సరిపోతుంది?

"ఆటోసేవ్ ఉంది కదా" అంటారు. ఎక్సెల్ పైన ఎడమవైపు కనిపించే ఆ ఆటోసేవ్ బటన్ వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్న ఫైళ్ళకే పనిచేస్తుంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైలుకి, పాత షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఫైలుకి అది వర్తించదు. వాటికి ఉన్నది ఆటోరికవర్. మామూలుగా 10 నిమిషాలకోసారి ఒక పక్క కాపీ తీసి పెడుతుంది. ఆపదలో పనికిరావచ్చు. దాన్నే నమ్ముకుని సేవ్ కొట్టకుండా లేచిపోవడం మాత్రం తప్పు. స్క్రీన్ లాక్ చేసి వెళ్ళాం కాబట్టి భద్రం అనుకోవడమూ అంతే. లాక్ చేస్తే ఇతరులు మీ ఫైలు చూడలేరు, షట్‌డౌన్ ఆగదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బెళ్ళందూరు వైపు ఒక మధ్యరకం కంపెనీలో పనిచేసేటప్పుడు అకౌంట్స్‌లో మదనపల్లె అమ్మాయి ఒకతె ఉండేది. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ. 19 సాయంత్రం, ఆ పొద్దున మెయిల్‌లో వచ్చిన షీటు నేరుగా తెరిచి, అందులోనే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద ముందే కట్టిన పన్ను తగ్గింపు) లెక్కలు సరిచూసుకుంటూ కూర్చుంది. లాక్ చేసి కింద మెస్‌కి వెళ్ళింది. ఆమె భోజనం చేస్తుండగా హెడ్డాఫీసు టూల్ నుంచి ప్యాచింగ్ (లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఎక్కించడం) కోసం రీస్టార్ట్ వచ్చింది. తిరిగొచ్చి చూస్తే ఖాళీ లాగిన్ తెర. పెద్ద షీట్లు నెమ్మదిస్తున్నాయని ఆ సిస్టంలో అంతకుముందే ఎవరో ఆటోరికవర్ టిక్ తీసేశారు. మెయిల్ అటాచ్‌మెంట్ మళ్ళీ తెరిస్తే పొద్దున వచ్చిన షీటే, ఆమె చేసిన మార్పు ఒక్కటీ లేదు. పైగా మేనేజర్, "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అన్నాడు. ఫైలు పోయినదానికంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది.

పక్కన కూర్చుని, విండోస్ రాసుకునే లాగ్‌లను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టం లాగ్‌లో 1074 నంబరుతో ఫిల్టర్ చేశాను. పైనే ఉంది ఆ వరుస. ఎవరైనా ఆదేశం ఇచ్చి మిషన్‌ను ఆపినా రీస్టార్ట్ చేసినా విండోస్ రాసుకునేది అక్కడే: ఏ ప్రోగ్రామ్ అడిగింది, ఏ యూజర్ పేరు మీద, రీస్టార్టా షట్‌డౌనా, ఏ కారణంతో, ఏ వ్యాఖ్యతో. యూజర్ దగ్గర ఆమె పేరు లేదు, ప్యాచింగ్ టూల్ వాడే సర్వీస్ అకౌంట్ పేరుంది. మేనేజర్‌ను పిలిచి అదే చూపించాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ అమ్మాయి తెల్లవారుజాము దాకా కూర్చుని లెక్కంతా మళ్ళీ కట్టింది. ఆ రిటర్ను గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను ఆలస్యమైతే దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆలస్యమైతే అడిగేది ఆమెనే గానీ ప్యాచింగ్ టూల్‌ను కాదు.

ఐటీవైపు వాళ్ళకు ఒక మాట. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం వస్తాయి. మనకు అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, పని మొదలయ్యేది బుధవారమే. ఆ బుధవారం ఎప్పుడూ 9కి 15కి మధ్యే పడుతుంది. నెలనెలా ఫైల్ చేసేవాళ్ళకు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11, పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15. పోనీ జాగ్రత్తగా ఒక వారం టెస్ట్ చేసి వదులుదామంటే, అది 16కి 22కి మధ్యకు జరిగి 20వ తేదీ మీదకు వస్తుంది. అకౌంట్స్ వాళ్ళకు ఊపిరాడని రోజులనే మనం ప్రతి నెలా ఏరికోరి పట్టుకుంటున్నాం! ప్యాచ్ క్యాలెండర్ వేసేటప్పుడు అకౌంట్స్, పేరోల్ మిషన్లను వేరే గ్రూపులో పెట్టి వాళ్ళ తేదీలు వాళ్ళనే అడగండి. కమాండ్ కొట్టేముందు ఆ మిషన్‌లో ఎవరు లాగిన్ అయి ఉన్నారో క్వెరీ యూజర్ కమాండ్‌తో చూడండి. "సిస్టం రీస్టార్ట్ అవుతుంది" అని వదిలేయకుండా, ఏ టైముకు, ఎందుకు, ఆపాలంటే ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ చేయాలో స్లాష్ సీతో రాయండి. 512 అక్షరాల దాకా చోటుంది. ఎవరైనా ఫోన్ చేస్తే గడువు ముగిసేలోపు స్లాష్ ఎతో రద్దు చేయొచ్చు, అదీ మీ సీటు నుంచే. ముందు ఒక్క మిషన్ మీద చేసి చూసి, ఆ తర్వాతే మొత్తం లిస్టు మీదకు వెళ్ళండి.

అపోహ: ఐపీ అడ్రస్ తెలిస్తే చాలు, ఎవరైనా మన కంప్యూటర్ ఆపేయగలరు

దీనితో భయపడేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది, భయపెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. రెండు నిమిషాల వీడియో చూసి, పీజీలో పక్క రూం వాడి ల్యాప్‌టాప్ ఆపేస్తానని గొప్పలు పోయే కుర్రాళ్ళు ప్రతి చోటా ఉంటారు. ఆ కమాండ్ వాళ్ళు నిజంగా కొడితే సాధారణంగా వచ్చేది 'యాక్సెస్ ఈజ్ డినైడ్', 5వ నంబరు ఎర్రర్. లేదా అసలు మిషనే అందదు. రిమోట్‌గా ఆపే హక్కు మామూలుగా అవతలి మిషన్‌లో అడ్మినిస్ట్రేటర్లకే ఉంటుంది. ఫైర్‌వాల్ దాటాలి. డొమైన్‌లో (కంపెనీ ఒకేచోటి నుంచి నడిపే కంప్యూటర్ల గుంపులో) లేని సొంత ల్యాప్‌టాప్ అయితే, దాని లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినా విండోస్‌లోని యూఏసీ అనే రక్షణ నెట్‌వర్క్ మీద ఆ హక్కుల్ని కత్తిరించేస్తుంది. ఆఫీసులో జరిగేదంతా కంపెనీ ముందే డొమైన్ ద్వారానో మేనేజ్‌మెంట్ టూల్ ద్వారానో ఆ హక్కులు తీసుకోవడం వల్ల జరిగేదే.

ఈ భయానికి ఒక పాత కారణం ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకే వైరస్ లాంటిది) వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ మిషన్ల మీద 60 సెకన్ల కౌంట్‌డౌన్ పెట్టె వచ్చి రీస్టార్ట్ అయిపోయేవి. మరుసటి ఏడాది సాసర్‌తోనూ అదే. నెట్ సెంటర్లలో అది చూసినవాళ్ళు "ఎవరో బయటినుంచి ఆపేస్తున్నారు" అనుకున్నారు. నిజానికి ఎవరూ షట్‌డౌన్ ఆదేశం పంపలేదు. వార్మ్ దెబ్బకు విండోస్‌లోని ఒక కీలక సర్వీస్ కూలిపోయి, సిస్టం తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది. బ్లాస్టర్ వాడుకున్న లోపానికి ప్యాచ్ అంతకుముందు జులైలోనే వచ్చేసింది. రీస్టార్ట్‌లు వాయిదా వేస్తూ పోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పీజీలో ఉంటున్న ఒక అమ్మాయి, రోజూ రాత్రి తన ల్యాప్‌టాప్‌ను వైఫైలో ఎవరో ఆపేస్తున్నారని నిద్రపోవడం మానేసింది. లాగ్‌లో 1074 ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ 41, 6008. అంటే మిషన్ పద్ధతిగా మూసుకోకుండా ఉన్నట్టుండి ఆగిపోయిందని. కరెంటు పోయినా, వేడెక్కినా, హ్యాంగ్ అయినా, పవర్ బటన్ నొక్కి పట్టినా ఇవే వస్తాయి. పరుపు మీద పెట్టుకుని వాడేది, కింది గాలి రంధ్రాలు మూసుకుపోయేవి. ఫ్యాన్ శుభ్రం చేయించి టేబుల్ మీద పెట్టించాక ఆగడం మానేసింది. 1074లో మీకు గానీ మీ ఐటీకి గానీ తెలియని యూజర్ పేరు కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే సెక్యూరిటీ టీంకి చెప్పాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రీస్టార్ట్ చేయగలిగినవాళ్ళు మన స్క్రీన్ కూడా చూస్తూ ఉంటారనేది అపోహ. అవి వేర్వేరు హక్కులు, వేర్వేరు టూల్స్. మీ కంపెనీ ఏం పెట్టుకుందో ఐటీ పాలసీలో చూడండి, లేదా నేరుగా అడగండి.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కాబట్టి రీస్టార్ట్ అక్కర్లేదనేది ఇంకోటి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్క్‌లో దాచుకుని మళ్ళీ అదే ఎత్తుకుంటుంది. రీస్టార్ట్‌లో మాత్రమే అన్నీ మొదటినుంచి లోడ్ అవుతాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కింద అప్‌టైమ్ రోజుల తరబడి కనిపించేది అందుకే.

ఆపగలిగితే ఆన్ కూడా చేయగలమని అనుకోవద్దు. నెట్‌వర్క్ మీద నుంచి మిషన్‌ను ఆన్ చేసే వేక్ ఆన్ లాన్ కావాలంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మిషన్ సెట్టింగుల్లో), నెట్‌వర్క్ కార్డులో ముందే ఆన్ చేసి ఉండాలి, ప్లగ్‌లో కరెంటు ఉండాలి. దానికోసం పంపే మ్యాజిక్ ప్యాకెట్ అనే సంకేతం బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే ఆ నెట్‌వర్క్‌లోని అన్ని మిషన్లకూ వెళ్తుంది కాబట్టి మామూలుగా రౌటర్ దాటదు. మా టీంలో ఒకతను హోసూరు బ్రాంచి ఫైల్ సర్వర్‌కి స్లాష్ ఆర్ బదులు స్లాష్ ఎస్ కొట్టాడు. దానికి, మిషన్ ఆగి ఉన్నా దూరం నుంచే ఆన్ చేయనిచ్చే ఐలో, ఐడ్రాక్ లాంటివేవీ లేవు, రాత్రిపూట అక్కడ మనిషీ లేడు. అత్తిబెలె టోల్ దాటుకుని వెళ్ళి చేత్తో పవర్ బటన్ నొక్కి రావాల్సి వచ్చింది.

ఏ సమస్యకైనా రిమోట్ రీస్టార్ట్ చాలనేవాళ్ళకు 2024 జులై 19 గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మిషన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క. నీలి తెర దగ్గరే తిరుగుతున్న మిషన్ నెట్‌వర్క్ ఆదేశం ఎలా వింటుంది? చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, డిస్క్ తాళం తీసే బిట్‌లాకర్ కీ కొట్టి బాగుచేసుకోవాల్సి వచ్చింది.

ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ కనిపించగానే అన్నీ షట్‌డౌన్ చేసేయాలనే తొందరా వద్దు. ముందు లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, సెక్యూరిటీ వాళ్ళను పిలవండి. మిషన్ ఆపేస్తే మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లోపు కంపెనీ, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి.

ఇప్పటికే ఫైలు పోగొట్టుకుని ఇది చదువుతున్నవాళ్ళు ముందు ఆ సిస్టంలో కొత్త పని మొదలుపెట్టకండి. ఎక్సెల్ తెరిస్తే ఎడమవైపు డాక్యుమెంట్ రికవరీ పట్టీ వస్తుందేమో చూడండి. రాకపోతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ వర్క్‌బుక్‌లో 'రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్' నొక్కండి. మెయిల్ నుంచి నేరుగా తెరిచి మధ్యలో ఒక్కసారైనా సేవ్ కొట్టి ఉంటే, ఔట్‌లుక్ తాత్కాలిక ఫోల్డర్‌లో కాపీ మిగిలి ఉండొచ్చు, దాన్ని వెతికిపెట్టమని ఐటీని అడగండి. షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఫైలైతే రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. ఎవరు ఆపారో తేలాల్సిన అవసరం ఉంటే 1074 వరుసను ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లాగ్ నిండితే పాత వరుసల మీద కొత్తవి వచ్చేస్తాయి.