కేసు, కౌంటరు కేసు

జగిత్యాల

చిన్నోడికి, అమ్ములుకు తాత ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మీరిద్దరూ డాబా మీద గాజా గురించి పోట్లాడుకున్నారు. ఆ తర్వాత రెండు రోజులు సకినాలు కూడా వేరే వేరే గదుల్లో తిన్నారు. చిన్నోడు ఫోనులో అక్టోబర్ 7 వీడియో చూపిస్తే, అమ్ములు కూలిపోయిన ఆస్పత్రి వీడియో చూపించింది. చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు, "తాతా, నువ్వు ఎవరి వైపు?" అని. కింద కుక్కరు కూత వేసిందని చెప్పి లేచిపోయాను. కుక్కరూ లేదు, కూతా లేదు. ఎదురుగా కూర్చుంటే మీ మొహాలు చూసి మాట మార్చేస్తాను. అందుకే కాగితం తీశాను.

ముప్పై ఏళ్ళకు పైగా సెషన్స్ కోర్టులో బెంచి క్లర్కుగా చేశాను కదా, ఊళ్ళ కొట్లాట కేసులు లెక్కలేనన్ని చూశాను. పొలం గట్టు దగ్గర మొదలవుతుంది, చీకటి పడేసరికి రెండు వైపులా తలలు పగులుతాయి. రెండు వర్గాలూ స్టేషనుకు పోతాయి. వీళ్ళు వాళ్ళ మీద పెట్టింది కేసు, వాళ్ళు వీళ్ళ మీద పెట్టింది కౌంటరు కేసు. ఇందులో ముద్దాయి అందులో ఫిర్యాది. బోనెక్కిన ప్రతివాడూ ముందుగా చెప్పేది ఒక్కటే మాట: "ముందు వాడే కొట్టిండు సార్."

ఈ రెంటినీ ఒకే జడ్జి వినాలి, ఒకదాని వెనక ఒకటి తీర్పు చెప్పాలి. కానీ ఒక కేసులో వచ్చిన సాక్ష్యాన్ని ఇంకో కేసులోకి లాగకూడదు. ఏ ఫైలుకు ఆ ఫైలే. ఒకే కొట్లాటకు రెండు ఫైళ్ళెందుకని కొత్తలో నాకు వింతగా ఉండేది. నాకంటే ముందు ఆ సీట్లో కూర్చున్న పెద్దాయన ఒకసారి చెప్పాడు: "కలిపామనుకో, తీసివేతలు మొదలవుతాయి. వీడి చెయ్యి, వాడి కాలు, చెల్లుకు చెల్లు అంటారు. చెల్లు అంటే విరిగిన చెయ్యి అతుక్కుంటుందా?"

డాబా మీద మీరు చేసింది ఆ తీసివేతే. ఒకరి శవాలతో ఇంకొకరి శవాలను కొట్టేస్తున్నారు.

మొదటి ఫైలు చూడండి. 2023 అక్టోబర్ 7, శనివారం, యూదులకు పండగ. అప్పట్లో గాజాను ఏలుతున్న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్, దాంతో పాటు మరికొన్ని సాయుధ ముఠాలు గాజా కంచె తెంపుకుని దక్షిణ ఇజ్రాయెల్ ఊళ్ళలోకి చొరబడ్డాయి. దాదాపు 1,200 మందిని చంపాయి. వాళ్ళలో ఎక్కువమంది మామూలు జనం. 251 మందిని బందీలుగా ఎత్తుకెళ్ళాయి. నోవా సంగీత ఉత్సవంలో రాత్రంతా ఆడిపాడిన కుర్రకారు 360 మందికి పైగా పోయారు. బేరీ అనే ఊళ్ళో వివియన్ సిల్వర్ అని 74 ఏళ్ళ ఆవిడ ఉండేది. గాజా నుంచి వచ్చే రోగులను తన కారులో ఇజ్రాయెల్ ఆస్పత్రులకు తీసుకెళ్ళేది. యూదు, అరబ్బు ఆడవాళ్ళను కలిపి శాంతి కోసం సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు. ఆమెను బందీగా తీసుకెళ్ళారనుకున్నారు. నెల దాటాక, కాలిన ఇంట్లో దొరికిన అవశేషాలు ఆమెవేనని తేలింది. అలుమిమ్ అనే ఊళ్ళో పొలం పని నేర్చుకుంటూ నాలుగు డబ్బులు సంపాదించుకుందామని వచ్చిన నేపాలీ విద్యార్థులు పదిమంది చనిపోయారు. థాయ్‌లాండ్ కూలీలు ముప్పైమందికి పైగా. మన జగిత్యాల, నిజామాబాద్ నుంచి పోయేవాళ్ళలాంటి వలస బతుకులే. తొమ్మిది నెలల పసివాణ్ణి, నాలుగేళ్ళ వాడి అన్నను తల్లితో సహా పట్టుకుపోయారు. 2025 ఫిబ్రవరిలో ఆ ముగ్గురి శవాలు తిరిగొచ్చాయి.

అమ్ములూ, ఇక్కడ నువ్వు "అంతకుముందు ఏం జరిగిందో?" అన్నావు. జరిగింది. 1948లో ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళూ ఊళ్ళూ పోగొట్టుకున్నారు. 1967 నుంచి వెస్ట్ బ్యాంక్ అనే పాలస్తీనా ప్రాంతం ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉంది. 2007 నుంచి గాజాకు దిగ్బంధం. అది వేరే ఫైలు, చాలా లావు ఫైలు. అశ్వత్థామ బాధ కూడా అబద్ధం కాదు కదా బిడ్డా, అతని తండ్రిని అబద్ధమాడి, ఆయుధం దింపించి చంపారు. అయినా నిద్రపోతున్న పిల్లల గుడారంలోకి దూరినవాణ్ణి ద్రౌపది అడిగింది, యుద్ధానికి రాని పసివాళ్ళ మీదికి నీకు చేతులెలా వచ్చాయని. తండ్రి చావు ఆ ప్రశ్నకు జవాబు కాలేదు.

"ముందు ఎవరు" అని వెనక్కి పోతూ ఉంటే ఎక్కడ ఆగుతారు? 1948 ఏప్రిల్ 9న దేర్ యాసీన్ అనే అరబ్బు పల్లెలో యూదు ముఠాలు వందమందికి పైగా చంపాయి. నాలుగు రోజులు తిరగకుండా, అదే జెరూసలేం దగ్గర హదస్సా ఆస్పత్రికి వెళ్తున్న బండ్ల మీద అరబ్బులు దాడి చేసి డాక్టర్లూ నర్సులతో సహా 78 మందిని చంపారు. దేర్ యాసీన్‌కు బదులన్నారు. దానికంటే ముందు 1929 హెబ్రోన్ ఉంది, అక్కడ 67 మంది యూదులను చంపారు. దానికీ ముందొకటి చెప్పేవాళ్ళుంటారు.

ఇప్పుడు రెండో ఫైలు, అక్టోబర్ 7 తర్వాత ఇజ్రాయెల్ గాజా మీద చేసిన యుద్ధం. చిన్నోడా, ఇది నువ్వు ఓపిగ్గా చదవాలి.

గాజా ఆరోగ్య శాఖ చెప్పే చావుల లెక్కలు నమ్మలేమని అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ అన్న మర్నాడే, 2023 అక్టోబర్ 26న, వాళ్ళు పేర్ల జాబితా బయటపెట్టారు. పేరు, వయసు, గుర్తింపు నంబరు. 2024 సెప్టెంబర్ నాటి జాబితా 649 పేజీలు, 34,344 పేర్లు. వయసు వరసలో పేర్చారు. మొదటి పేజీలన్నీ ఏడాది నిండని పిల్లలే, 710 మంది. వాళ్ళ వయసు గడిలో సున్నా అని ఉంటుంది. నేను ఎన్నో పంచనామాలు నకళ్ళు తీశాను గానీ, ఆ గడిలో సున్నా ఎప్పుడూ రాయలేదు. చంటిపిల్లలైతే నెలలు రాసేవాళ్ళం.

2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ కుదిరేనాటికి ఆ లెక్క 67,000 దాటింది. ఆ శాఖ హమాస్ పాలనలోదే, చనిపోయినవాళ్ళలో యోధులెవరో జనమెవరో అది విడదీసి చెప్పదు. నిజమే. ఇజ్రాయెల్ సైన్యం దాదాపు ఇరవై వేలమంది యోధులను చంపామంది. సరే, ఆ లెక్కనే తీసుకో. మిగిలినవాళ్ళెవరు? పిల్లలే పద్దెనిమిది వేలకు పైగా ఉన్నారు.

నువ్వు అన్న మాట నాకు గుర్తుంది: "హమాస్ వాళ్ళు జనం మధ్య దాక్కుంటే ఇజ్రాయెల్ ఏం చేస్తుంది తాతా?" తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. జనాన్ని అడ్డం పెట్టుకోవడం యుద్ధ నేరమే, హమాస్ ఇళ్ళ కింద సొరంగాలు తవ్వింది. మన పాత ఐపీసీలో 106వ సెక్షన్ అని ఒకటుండేది, ఇప్పుడు కొత్త భారతీయ న్యాయ సంహితలో 44. దాని కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక మనిషిని గుంపు చుట్టుముట్టి చంపబోతోంది. ఆ గుంపులో చిన్నపిల్లలు కలిసిపోయి ఉన్నారు. కాల్చకపోతే తను బతకడు, కాలిస్తే పిల్లలకు తగలొచ్చు. కాల్చాడు, పిల్లలకు తగిలింది. నేరం కాదు అంటుంది చట్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ నాలుగు లైన్లు నన్ను ఇబ్బంది పెట్టాయి. న్యాయమే అనిపిస్తుంది, కానీ మింగుడు పడదు.

కానీ ఆ ఉదాహరణను మళ్ళీ చదువు. ప్రాణం పోయే క్షణం అది. గుంపు మీదికొచ్చేసింది, ఆలోచించే వ్యవధి లేదు. ఇప్పుడు దీని పక్కన ఇంకో కాగితం పెట్టు. అక్టోబర్ 7 మధ్యాహ్నమే ఇజ్రాయెల్ సైన్యం ఒక ఉత్తర్వు ఇచ్చిందని, ఒక్కో దాడిలో ఇరవైమంది వరకు మామూలు జనం పోయే ప్రమాదమున్నా మధ్యస్థాయి అధికారులు ముందుకు పోవచ్చని అందులో ఉందని 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. నియమాలు మార్చిన మాట సైన్యం ఒప్పుకుంది, చట్టానికి లోబడే చేశామంది. నా బుర్రకు తట్టింది చెబుతాను. గుంపులో కలిసిపోయిన పిల్లవాడు వేరు, ఉత్తర్వులో ముందే అంకె అయిపోయిన పిల్లవాడు వేరు. మొదటివాడికి తగిలితే కాల్చినవాడు జీవితాంతం కుమిలిపోతాడు. రెండోవాడు లెక్క ప్రకారమే పోయాడు. యుద్ధ చట్టం కూడా మామూలు జనం ఒక్కరూ పోకూడదని అనదు. దాడి వల్ల సైన్యానికి వచ్చే లాభానికి మించి జనానికి నష్టం జరగకూడదంటుంది, ముందుజాగ్రత్తలు తీసుకోమంటుంది. ఎదుటివాడు చట్టం తప్పినా నీ బాధ్యత పోదని 1977 నాటి ఒప్పందంలో విడిగా రాసే ఉంది. ఇజ్రాయెల్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు గానీ, సాయుధుణ్ణీ మామూలు మనిషినీ వేరుగా చూడాలన్న నియమం సంతకాలతో పని లేకుండా అందరికీ వర్తిస్తుంది.

పొరపాట్లు జరగవా అంటే జరుగుతాయి. 2023 డిసెంబర్ 15న ముగ్గురు యువకులు గాజాలో ఒక భవనంలోంచి బయటికొచ్చారు. ఆయుధాలు లేవని కనబడాలని చొక్కాలు విప్పేశారు. కర్రకు తెల్లగుడ్డ కట్టి పట్టుకున్నారు. ఇజ్రాయెల్ సైనికులు కాల్చి చంపారు. తీరా చూస్తే వాళ్ళు హమాస్ చెర నుంచి బయటపడ్డ ఇజ్రాయెల్ బందీలు. తినగా మిగిలిన కూడుతోనే గుడ్డల మీద సాయం చేయమని రాసిపెట్టుకున్నారు. నియమాలకు విరుద్ధంగా కాల్చారని సైన్యమే ఒప్పుకుంది, దేశమంతా ఏడ్చింది. చొక్కా విప్పి తెల్లగుడ్డ ఎత్తిన ఆ ముగ్గురూ పాలస్తీనీయులే అయి ఉంటే విచారణ దాకా వచ్చేదా? ఈ ప్రశ్న నాది కాదు, అప్పుడు చాలామంది అడిగారు.

తిండి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2025 మార్చి 2 నుంచి దాదాపు పదకొండు వారాలు గాజాలోకి సరుకులేవీ పోనివ్వలేదు. ఆగస్టులో గాజా నగరం, దాని చుట్టుపక్కల కరువు వచ్చిందని ఐక్యరాజ్య సమితి తోడ్పాటున్న నిపుణుల సంఘం ప్రకటించింది. ఇజ్రాయెల్ కాదంది. బాంబు విషయంలో గురి తప్పిందని చెప్పొచ్చు. గేటు మూయడానికి గురితో పనేముంది?

2024 నవంబర్ 21న హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్ మీద వారంట్లు ఇచ్చింది. అదే రోజు హమాస్ సైనిక నాయకుడు మహమ్మద్ డైఫ్ మీదా ఇచ్చింది. అతను అప్పటికే చనిపోయాడని తర్వాత తేలింది. ప్రాసిక్యూటర్ వారంట్లు అడిగినప్పుడే రెండు వైపులా మండిపడ్డాయి, మమ్మల్నీ వాళ్ళనూ ఒకే గాటన కడతారా అని. నాకు మాత్రం మా కోర్టు హాలు గుర్తొచ్చింది. ఏ వారంటుకు ఆ వారంటే, ఏ నేరానికి ఆ నేరమే. రెండు ఫైళ్ళూ తెరిచినంత మాత్రాన రెంటికీ ఒకే శిక్ష పడాలనేం లేదు. కర్ర పట్టినవాడికీ గొడ్డలి పట్టినవాడికీ ఒకే శిక్ష వేసిన జడ్జిని నేను చూడలేదు.

మన గల్లీ చివరింటి అవ్వ మీకు తెలుసు. వాళ్ళబ్బాయి ఇజ్రాయెల్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉన్నాడు. యుద్ధమప్పుడు ఆమె రోజూ వచ్చి మన ఇంటి అరుగు మీద కూర్చుని వార్తలు చదివించుకునేది. ఒకరోజు అడిగింది: "సైరన్ మోగంగనే నా కొడుకు ఆ ముసలమ్మను ఎత్తుకుని ఇనుప తలుపు గదిలకు ఉరుకుతడట సారూ. మరి అవతలోళ్ళు ఎక్కడికి ఉరుకుతరు?" ప్రాణాపాయంలో ఉన్నది ఆమె కొడుకు. అయినా ఆ మాట అడిగింది. గాజాలో జనానికి అలాంటి గదులు లేవని చెప్పాను. ఆమె కాసేపు కొంగు అంచు చుట్టుకుంటూ కూర్చుని లేచిపోయింది.

అలాంటి మాట అడిగేవాళ్ళు అక్కడా ఉన్నారు. రామీ ఎల్హనాన్ ఇజ్రాయెలీ. 1997 సెప్టెంబర్‌లో జెరూసలేం బజారులో ఆత్మాహుతి దాడి జరిగి, పద్నాలుగేళ్ళు నిండబోతున్న ఆయన కూతురు పోయింది. బస్సామ్ అరామిన్ పాలస్తీనీయుడు. కుర్రతనంలో ఇజ్రాయెల్ జైల్లో ఏడేళ్ళు గడిపినవాడు. 2007లో ఆయన పదేళ్ళ కూతుర్ని బడి బయట ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసుల రబ్బరు తూటా చంపింది. ఈ ఇద్దరు తండ్రులూ పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాల సంఘంలో కలిసి ఊరూరా తిరుగుతూ, పక్కపక్కన నిలబడి ఎవరి బిడ్డ కథ వాళ్ళు చెబుతారు. ఇందాకటి ద్రౌపదే కదా, పట్టి తెచ్చిన అశ్వత్థామను వదిలెయ్యమంది, నాలాగా అతని తల్లి ఏడవకూడదని. ఆ మాట పురాణంలో విని తలూపడం తేలికే. ఈ తండ్రులు మాట్లాడే సభల్లో లేచి అరిచేవాళ్ళు, ద్రోహులనేవాళ్ళు తక్కువేం కాదు.

నేను ఎవరి వైపో ఇంకా చెప్పలేదు కదూ. అడగండి, ఈసారి కుక్కరు పేరు చెప్పను. కానీ దసరాకు వచ్చేటప్పుడు ఇద్దరూ ఒక పని చేసుకుని రండి. చిన్నోడు గాజా జాబితాలోంచి ఒక పేజీ, అమ్ములు అక్టోబర్ 7న పోయినవాళ్ళలోంచి ఒక పేజీ చేత్తో ఎత్తి రాయండి. ఫోనులో ఫోటో తీసి తెస్తే ఒప్పుకోను. పేరు, ఊరు, వయసు. చంటిపిల్లలుంటే సున్నా వేయకండి, ఎన్ని నెలలో కనుక్కుని రాయండి.

మీ తాత